మునిగిన ఊరివాళ్ళు పెద్దలకు నీళ్ళు ఎక్కడ వదలాలి?

 

మొన్నటి ప్రసంగంలో మహాలయ పక్షం గురించి, ఎవరు ఏ తిథిన పెట్టుకోవాలన్నదాని గురించి చెప్పాను కదా. అది విన్నాక ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మొదటి మాటకే మా వైపు మనిషని తెలిసిపోయింది. వాళ్ళది కడప జిల్లా కొండాపురం మండలం, గండికోట జలాశయంలో మునిగిపోయిన ఊర్లలో ఒకటి. ఇప్పుడు ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకుని ఉన్నాడు. పేరు చెప్పకుండా రాయమని ఆయనే అన్నాడు. ఆయన అడిగింది ఇదీ:

“సామీ, మా నాయన పోయి పదకొండేండ్లాయ. ఊరు ఉన్నన్నాళ్ళు పెద్దల అమాసకు నేనూ మా అన్నా పెన్నలో దిగి నీళ్ళొదిలేటోళ్ళం. ఇప్పుడు ఆ రేవు లేదు, ఆ ఇల్లు లేదు. నేను యాడ వదలాల? వదిలినా మా నాయనకు అందుతాదా?”

రెండు నిమిషాల్లో చెప్పి పక్కన పెట్టే ప్రశ్న కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇందులో ఇంకో కారణం కూడా ఉంది. నాదీ ఆ వైపే. మా ఇల్లూ ఆ నీళ్ళలోనే ఉంది.

పంచాంగం లెక్కకు భాద్రపదం ఇంకా వర్షరుతువే. ఆశ్వయుజ పాడ్యమితో శరత్తు మొదలవుతుంది. ఆ వచ్చే పండగలకన్నింటికీ ముందు మనవాళ్ళు ఈ పదిహేను రోజులు పెద్దలకు కేటాయించారు. అమ్మవారిని పిలిచే ముందు అమ్మను కన్నవాళ్ళను తలుచుకోమన్నారు. ఈ వరసలో ఉన్న అందం నాకు చిన్నప్పుడు తెలియదు. అప్పుడు తెలిసిందల్లా ఆకలి ఒక్కటే. కాకి ముట్టేదాకా పిల్లలకు అన్నం పెట్టరు కదా!

మాది మట్టిమిద్దె. వానలు పడేముందు మిద్దె మీదికి చవుడు మోసి పరిచేవాళ్ళు, లేకుంటే కారుతుంది. నడిమింట్లో పైన గవాచి ఉండేది. పొద్దున పది గంటలకు అందులోంచి ఎండ సూటిగా వచ్చి కడప బండల మీద గుండ్రంగా పడేది. ఆ ఎండలో మా జేజి కొర్రలు చెరిగేది. పెద్దల అమావాస్య వస్తుందంటే వారం ముందే గోడలకు సున్నం, కింద జాజుపట్టీ. ఆ రోజు మాత్రం ఆమె ఎవరినీ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. చచ్చిపోయిన ఒక్కొక్కరికి ఏది ఇష్టమో ఆమెకే తెలుసు. మా పెద్దతాతకు ఓళిగలు, ఆయన తమ్ముడికి గోరుచిక్కుడు తాళింపు, చిన్నప్పుడే పోయిన మా మేనత్తకు బొరుగుల ఉండ. మా తాతకు విస్తరి పక్కనే బీడీకట్ట కూడా పెట్టేది. శాస్త్రం ఏమంటుందని నన్నడక్కండి. జేజిని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ విస్తళ్ళను చూసే నేను మా వంశం నేర్చుకున్నాను. చూడని మేనత్త పేరు ఈనాటికీ నాకు గుర్తుందంటే ఆ బొరుగుల ఉండ వల్లే. శ్రాద్ధం అంటే శ్రద్ధతో చేసేది అని ప్రవచనాల్లో చెబుతుంటాం. ఎవరికేం ఇష్టమో గుర్తు పెట్టుకోవడం కంటే శ్రద్ధ ఏముంది?

అమావాస్య దాటితే ఇల్లు ఇంకోలా మారిపోయేది. నల్లరేగడిలో పదును చూసి పప్పుశనగ విత్తే రోజులవి. గొర్రు వెనక జడ్డిగంలో విత్తనం పోస్తూ అమ్మ నడిచేది. దసరాకు ఒక్క రాత్రి మాత్రం అందరం ప్రొద్దుటూరికి పోయేవాళ్ళం. మైసూరు తర్వాత ప్రొద్దుటూరే అని మావాళ్ళు ఊరికే అనరు. అమ్మవారిశాల దగ్గర ఆ అలంకారాలు, తొట్టిమెరవణి, ఆ జనం చూడాలి. నాయన భుజం మీద కూర్చుని చూసిన దీపాలు ఇప్పటికీ కళ్ళలో ఉన్నాయి. తిరిగొచ్చి జమ్మి ఆకు తీసుకుని ఇంటింటికీ పోయి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కేవాళ్ళం. మాట్లాడుకోని ఇళ్ళకు కూడా ఆ రోజు పోవాల్సిందే. జమ్మి ఆకు పట్టుకుని వచ్చినవాణ్ణి గడపలోంచి తిప్పి పంపిన మనిషిని నేను మా ఊర్లో చూడలేదు.

వెన్నెల రాత్రుళ్ళు మిద్దె మీద పడుకుంటే మద్రాసు–బొంబాయి లైను మీద గూడ్సుబండి చప్పుడు వినిపించేది. మా అన్న పెట్టెలు లెక్కబెడతా నిద్రపోయేవాడు. ఎప్పుడూ పూర్తి లెక్క తేలలేదు.

ఇక నీళ్ళ సంగతి. గాలేరు–నగరి పథకంలో భాగంగా పెన్న మీద కట్టింది గండికోట జలాశయం. పూర్తిగా నిండితే 26.85 టీఎంసీలు. శ్రీశైలం దగ్గర తీసుకున్న కృష్ణ నీళ్ళు అవుకు మీదుగా వచ్చి ఇందులో పడతాయి. ఇక్కణ్ణుంచి పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు ఎత్తిపోస్తారు. పులివెందుల వైపు పచ్చబడిన తోటల వెనక మా ఊర్లున్నాయి. ఇది నిష్ఠూరం కాదు. కరువు చూసినవాళ్ళం, నీళ్ళ విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఇచ్చినవాడికి నొప్పి ఉంటుంది. ఆ నొప్పిని “అభివృద్ధి కోసం త్యాగం” అని ఒక్క మాటలో కట్టేస్తే నాకు కోపం వస్తుంది.

2020వ సంవత్సరం గుర్తుందా? కరోనా ఏడాది. ఆ ఏడు ఆశ్వయుజం అధికమాసం వచ్చింది. సెప్టెంబరు 17న మహాలయ అమావాస్య అయిపోయినా నవరాత్రులు మొదలు కావడానికి అక్టోబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. పెద్దల పండగకూ అమ్మవారి పండగకూ నడుమ నెల రోజుల ఖాళీ. తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊర్ల జనం సామాన్లు ట్రాక్టర్లకెత్తింది ఆ శరత్తులోనే. ఏ పండగా లేని ఆ నెలలో ఎంతమంది అవ్వలు గోడలను తడుముకుంటూ తిరిగారో!

వాల్మీకి కిష్కింధకాండలో శరత్తును వర్ణిస్తాడు. రాముడు ప్రస్రవణగిరి మీద వాననాలుగు నెలలూ గడిపాడు. మేఘాలు తేలిపోయాయి, నీళ్ళు తేటపడ్డాయి, నదులు కొంచెం కొంచెంగా తగ్గి ఇసుకతిన్నెలు బయటపడుతున్నాయి. అక్కడ శరత్తు అంటే దాగినది కనబడే కాలం. మాకు అది తిరగబడింది. కృష్ణ వరద వచ్చేది ఈ నెలల్లోనే, జలాశయం నిండేది ఈ నెలల్లోనే. రాముడికి ఇసుకతిన్నెలు బయటపడే వేళకు మా రేవులు ఇంకాస్త లోపలికి పోతాయి.

సరే తమ్ముడూ, నీ ప్రశ్నకు వస్తాను. యాడ వదలాల అన్నావు.

రాముడికి తండ్రి పోయిన సంగతి ఇంటి దగ్గర తెలియలేదు. చిత్రకూటంలో తెలిసింది, భరతుడు వచ్చి చెబితే. అయోధ్య లేదు, సరయు లేదు, పురోహితులు సిద్ధం చేసిన సంభారాలు లేవు. మందాకినిలో దిగి దక్షిణం వైపు తిరిగి నీళ్ళు వదిలాడు. తర్వాత పిండం పెట్టాడు. దేంతో పెట్టాడు? చక్రవర్తికి పెట్టే పిండం ఇంగుదీ పిండి, రేగుపళ్ళు కలిపిన ముద్ద. దర్భల మీద ఉంచి, నాయనా, మేము ఇప్పుడు తినేది ఇదే, నువ్వూ ఇదే తిను అన్నాడు. మనిషి ఏం తింటే వాడి దేవతలూ అదే తింటారు అన్నాడు. తర్వాత కౌసల్య ఆ పిండాన్ని చూసి, భూమినంతా ఏలినవాడు ఇది ఎలా తింటాడని కుమిలిపోయింది. అది తల్లి బాధ, భార్య బాధ. రాముడు పెట్టింది మాత్రం అందలేదని ఎవరూ అనలేదు.

అంటే పెద్దలు రేవును వెతుక్కుంటూ రారు, బిడ్డను వెతుక్కుంటూ వస్తారు. నువ్వు ప్రొద్దుటూరులో ఉంటే ప్రొద్దుటూరుకు. రేపు నీ కొడుకు కువైట్‌లో ఉంటే కువైట్‌కు. సొంతిల్లు లేనివాళ్ళు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు పెట్టకూడదని వాట్సాప్‌లో తిరిగే మాటలు పట్టించుకోకండి. అడవిలో ఆకుల పాకలో ఉన్నవాడు పెట్టాడు.

నీళ్ళ దగ్గరికే పోవాలని మనసు కోరితే ఆ జలాశయం ఒడ్డుకే పో. అక్కడున్నవి పరాయి నీళ్ళు కాదు. పెన్న ఉంది, చిత్రావతి ఉంది, శ్రీశైలం మల్లన్న కొండ కింద పారే కృష్ణ వచ్చి వాటిలో కలిసింది. మీ నాయన దిగిన రేవు ఆ నీళ్ళ అడుగునే ఉంది. ఇంతకంటే దగ్గర చోటు నేను నీకు చూపించలేను. లోతు తెలియని చోట మాత్రం దిగొద్దు, ఒడ్డున కూర్చుని చెంబుతో వదులు.

ఇంతవరకు చెప్పేసరికి ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు నేనొక మాట అడిగాను. “ఇంతకు ముందు నేనూ మా అన్నా అన్నావు. ఇప్పుడు నేను యాడ వదలాల అంటున్నావు. అన్న ఏమైనాడు?”

అవతల చాలాసేపు మాట లేదు.

పరిహారం దగ్గర వచ్చిన తగాదా. ఈ కథ మా వైపు చాలా ఇళ్ళలో ఉంది. పునరావాసం లెక్కలో 18 ఏళ్ళు నిండినవాడు వేరే కుటుంబం. ఇంటి విలువ ఒకరి పేరు మీద, ప్యాకేజీ ఇంకొకరి పేరు మీద, చెట్ల లెక్క ఒకటి, గొడ్లపాక లెక్క ఇంకొకటి. ఒకే పొయ్యి మీద తిన్న మనుషులు కాగితం మీద నాలుగు కుటుంబాలైతారు. కాగితం మీద విడిపోవడం తప్పేమీ కాదు, అది ఇచ్చేవాడి లెక్క. వీళ్ళిద్దరూ ఇంటిని కూడా పంచుకున్నారు. విప్పి తెచ్చిన ద్వారబంధం అన్నకు పోయింది. కాలనీలో కట్టుకున్న ఇంటికి బిగించుకున్నాడు. టేకు తలుపులు రెండూ తమ్ముడికి వచ్చాయి. అవి ప్రొద్దుటూరు ఇంట్లో మంచం వెనక గోడకు ఆనించి ఉన్నాయట.

మా జిల్లా పేరే గడప నుంచి వచ్చిందంటారు. తిరుమల వెంకన్నకు గడప దేవుని కడప. అట్లాంటి సీమలో పుట్టి గడప ఒకరు, తలుపులు ఒకరు పట్టుకుపోయారు! వాళ్ళమ్మ నెల అక్కడ, నెల ఇక్కడ ఉంటుంది. పండగనాడు మాత్రం పాత గడపకు పసుపు పూయాలని కాలనీకే పోతుంది. ఆమె అన్న మాట ఆయనే నాకు చెప్పాడు: “గడప ఆడుండాది, తలుపు ఈడుండాది. నేను యాడ కూచోవల్లరా?”

చిత్రకూటం ముచ్చట మళ్ళీ ఒకసారి చూడండి. రాముడు అన్నదమ్ములతో కలిసి పిండం పెట్టాడు అని వాల్మీకి రాశాడు. భరతుడు అప్పటికే అయోధ్యలో తండ్రికి చేయాల్సిన కర్మలన్నీ చేసి వచ్చాడు. అయినా మందాకినిలో మళ్ళీ అన్న పక్కన నిలబడ్డాడు. గమనించండి, రాజ్యం సంగతి అప్పటికి తేలలేదు. నీదంటే నీది అన్న వాదన అయిపోనేలేదు. అంత పెద్ద ఆస్తి తగాదా నడుమ పెట్టుకుని కూడా ముందు నీళ్ళు వదిలారు, మిగతాది తర్వాత మాట్లాడుకున్నారు.

ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు పెద్దలకు విడివిడిగా పెట్టుకోవచ్చని శాస్త్రం ఒప్పుకుంటుంది. మీ పురోహితుణ్ణి అడిగినా అదే చెబుతారు. కాబట్టి నువ్వు ఒక్కడివే వదిలితే దోషమని నేను అనను. కానీ నువ్వు నన్నడిగింది దోషం గురించి కాదు కదా.

సుగ్రీవుడి కథ అందరికీ తెలుసు. అందులో ఒక చిన్న సంగతి మాత్రం మనం చప్పున దాటేస్తాం. మాయావిని తరుముతూ వాలి బిలంలోకి పోయాడు. తమ్ముడు ఏడాదిపాటు బయట కాపలా కాశాడు. ఒకరోజు లోపల్నుంచి నెత్తురు వచ్చింది. రాక్షసుల అరుపులు వినిపించాయి, అన్న గొంతు వినిపించలేదు. అన్న పోయాడనుకున్నాడు. బిలానికి కొండంత బండ అడ్డం పెట్టాడు. కిష్కింధకు తిరిగొచ్చేముందు ఏం చేశాడు? ఏడుస్తూ అన్నకు తర్పణం వదిలాడు. బతికున్న అన్నకు!

మన భాషలో ఒక మాట ఉంది, “ఆశకు నీళ్ళొదులుకున్నాను” అంటాం. ఎంత భయంకరమైన మాటో చూడండి. సుగ్రీవుడు తెలియక వదిలాడు. అన్న తిరిగొచ్చాక కాళ్ళ మీద పడి చెప్పుకున్నాడు, వాలి వినలేదు. వినకపోవడం వల్లే తర్వాతిదంతా జరిగింది. బాణం తగిలి పడిపోయాక, ప్రాణం పోయేముందు, వాలి తన మెడలోని బంగారుమాల తీసి తమ్ముడికిచ్చాడు. అంగదుణ్ణి చేతిలో పెట్టాడు. సుగ్రీవుడికి రాజ్యం వచ్చింది, గెలిచాడు. గెలిచినవాడు అన్న శవం దగ్గర కూర్చుని తానూ అగ్గిలో పడతానని ఏడ్చాడు. ఆ మాల నెల ముందు ఇచ్చి ఉంటే కథే వేరు.

ఇదే మాట ఆ తమ్ముడికి చెప్పాను. మీ నాయనకు నీళ్ళొదలడం గురించి అడిగావు, మంచిది. మీ అన్నకు మాత్రం అప్పుడే వదిలేసినట్టున్నావు, అది వెనక్కి తీసుకో అన్నాను.

“మా అన్నే రాలేదు సామీ, నేనెందుకు పోవాల?” అన్నాడు. న్యాయమే. ఇద్దరిలో ఎవరిది ఎంత తప్పో నాకు తెలియదు, తేల్చడం నా పనీ కాదు. అమ్మ సంగతి చెప్పు అన్నాను. “అమ్మకేం తక్కువ లేదు సామీ. పరిహారం డబ్బుల్లో ప్రొద్దుటూరులోనే మంచి అంగట్లో జత గాజులు చేయించినా” అన్నాడు.

కర్ణుడి కథ ఈ పక్షంలో అందరూ చెబుతారు. స్వర్గానికి పోతే కర్ణుడికి తినడానికి బంగారం పెట్టారట. బతికినన్నాళ్ళూ బంగారం దానం చేశావు, పెద్దలకు అన్నం పెట్టలేదు అన్నారట. పదిహేను రోజులు భూమికి తిరిగొచ్చి అన్నం పెట్టుకుని పోయాడట. ఆ పదిహేను రోజులే ఇవి అంటారు. మీ అమ్మ గాజులు అడిగిందా, ఇద్దరు కొడుకులు ఒక పంక్తిలో కూర్చుంటే వడ్డించాలని అడిగిందా? రేపు ఆమె పోయాక ఆమె ఆకులో ఏం పెడతావు? ఆమెకు ఇష్టమైంది ఏదో చెప్పు అంటే టక్కున చెప్పలేకపోయాడు. “అడిగి చెప్తా సామీ” అన్నాడు.

అడగండి. ఇది చదువుతున్నవాళ్ళందరూ ఇవాళ రాత్రి ఫోన్ చేసి అడగండి. మా జేజికి అందరి ఇష్టాలూ తెలుసు, ఆమెకు ఏది ఇష్టమో మాకెవరికీ తెలియదు. ఆమె ఆకులో మేము ఏటా ఓళిగలే పెడుతున్నాం.

నిన్న ఆ తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. వాళ్ళమ్మకు చింతచిగురు పప్పంటే ప్రాణమట. నలభై ఏళ్ళ కొడుక్కి నిన్న తెలిసింది. ఈ కాలంలో చిగురు యాడ దొరుకుతాది సామీ అని నవ్వాడు. ఎండబెట్టింది మార్కెట్లో అడిగి చూడమన్నాను. అమావాస్యనాడు పొద్దున కాలనీకి పోతాను, అన్నను పిలుస్తాను, వస్తే జలాశయం దగ్గరికి ఇద్దరం పోతాం అన్నాడు.

“మా అన్న తలుపు తియ్యకుంటే?” అని అడిగాడు.

“ఆ ఇంటి తలుపులు నీ దగ్గరే ఉన్నాయి కదప్పా,” అన్నాను.

ఆటోలో పడతాయో లేదో చూడాలన్నాడు. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులుంది.